తెరకథల ననుసరించిన నవలలు

టెలివిజను కథలను బట్టి వ్రాయబడిన నవలలు చదువదగినవా, కావా యను ప్రశ్న విజ్ఞానకల్పిత కథలయం దభిరుచి గల విద్యార్థుల నడుమ తఱచుగా వినవచ్చుచుండును. అవి వ్యాపారమునకై పుట్టిన పుస్తకములనియు, వానిని చదువుట కాలహరణమనియు పెద్దలు కొందఱు త్రోసిపుచ్చుదురు. ఈ తీర్పు న్యాయమైనదని మేము తలంపము. 'స్టార్ ట్రెక్' నవలలను నిదర్శనముగా గైకొని మా యభిప్రాయమును విన్నవించెదము.

అమెరికాదేశమున ఈ ప్రదర్శనము 1966 సెప్టెంబరు 8వ తేదీని ప్రారంభమై, 79 కథలతో 1969లో ముగిసెను. ఆ కథలను సంగ్రహించి జేమ్స్ బ్లిష్ అను రచయిత 1967 నుండి పుస్తకరూపమున వెలువరించెను. ప్రసారమైన కథను ఇంట మరల వేసికొని చూచు సాధనము సామాన్యులకు లేని దినము లవి. నచ్చిన కథను మరల ననుభవింప గోరువారికి ఆ చిన్న పుస్తకములే యాధారమయ్యెను. 1970లో ఆయనయే 'స్పాక్ మస్ట్ డై!' అను క్రొత్త కథను కల్పించి నవలగా వ్రాసెను.

నవలలు తెరకు నీడలు మాత్రమే యందురా? నౌకాచాలకుడగు సులూ అను పాత్రకు 'హికారు' అను పేరు పెట్టినది వాండా మెకింటైర్ అను రచయిత్రి. 1981లో వెలువడిన 'ది ఎంట్రొపీ ఎఫెక్ట్' అను నవలలో ఆమె పెట్టిన ఆ పేరు, పదియేండ్లకు, 1991 నాటి చలనచిత్రమున పలుకబడినది. నీడయే వస్తువునకు పేరు పెట్టుట యెచ్చటనైన గలదా?

తెరపై శత్రువులుగా మాత్రమే కానవచ్చిన క్లింగాన్ జాతివారిని 1984లో జాన్ ఎం. ఫోర్డ్ 'ది ఫైనల్ రిఫ్లెక్షన్' అను నవలలో వారి కన్నులతోనే చూపెను. వారి యాచారములు, క్రీడలు, మర్యాదలు, భయములు అన్నియు నందు గలవు. పగవాని యింటిలోనికి మనలను గొనిపోవుట మంచి సాహిత్యము చేయు పనులలో నొకటి గాదా?

పరుల కథను గైకొనుట దోషమందుమా, భారతమునందలి యుపరిచరవసువు వృత్తాంతమును బెంచి వ్రాసిన వసుచరిత్రము సంగతి యేమి? రెండును సమానములని మేము సాహసింపము. ఎరువు తెచ్చినంత మాత్రమున కృతి హీనము గాదనుటయే మా తాత్పర్యము.

వీనియందు లోపములు లేవని మే మనము. హక్కుదారుల యనుమతికి లోబడి వ్రాయవలసి యుండుటచే, ప్రధానపాత్రలను యథాస్థానమున నిలిపి కథ ముగించుట పెక్కింట గానవచ్చును. నాయకుడు చావడని మొదటనే యెఱిగిన పాఠకునకు ఆదుర్దా యెట్లు కలుగును?

అంతకు మించిన చిక్కొకటి గలదు. 2002 నాటి చలనచిత్రము తరువాతి కథను నవలాకారులు దాదాపు ఇరువదేండ్లు పెంచుకొనివచ్చిరి. 2020లో 'స్టార్ ట్రెక్: పికార్డ్' అను క్రొత్త ప్రదర్శనము వేఱొక త్రోవ త్రొక్కెను. అంతట 2021లో 'కోడా' అను మూడు సంపుటములతో ఆ నవలాప్రపంచమునకు దాని రచయితలే ముగింపు పలికిరి. ఇన్నేండ్లు చదివినదెల్ల వ్యర్థమేనా యని పాఠకులు వగచుట సహజము.

వ్యర్థము గాదని మా దృఢవిశ్వాసము. కల్పితకథలో నిది జరిగినది, అది జరుగలేదు అను తీర్పు హక్కుదారులు చెప్పుకొనవచ్చును. చదువరి హృదయమున గలిగిన యాలోచనను కొట్టివేయుట వారి తరము గాదు. నవల మంచిచెడ్డలను నిర్ణయించునవి అందలి స్వభావచిత్రణము, ఊహాశక్తి, శైలి. తెరవారి యంగీకారము గాదు. కావున సోదర విద్యార్థులారా! అట్టపై బొమ్మను జూచి కొనకుడు, అట్టపై బొమ్మను జూచి విసర్జింపకుడు. పది పుటలు చదివి, పిమ్మట తీర్పు చెప్పుడు. గ్రంథాలయములకు పుస్తకముల నెన్నుకొను పెద్దలును ఇంతమాత్రము దయ చూపుదురుగాక!