పులుల లెక్క వెనక పడవవాళ్లు
సుందర్బన్స్‌ను 1973లో టైగర్ రిజర్వు చేశాం, 1987లో యునెస్కో గుర్తింపు వచ్చిందని సంబరపడ్డాం. కోల్‌కతా నుంచి క్యానింగ్ దాకా లోకల్ రైలు, ఆపైన రోడ్డు, చివరికి పడవెక్కితే గానీ అందని ఆ దీవుల్లో చుట్టూ ఉప్పునీళ్లే; తాగే నీళ్లు డబ్బాల్లో మోసుకెళ్లాలి. మోకాటిలోతు బురదలో మేకుల్లా పొడుచుకొచ్చిన మడచెట్ల వేళ్ల మధ్య నడుస్తూ, పోటు నీరు తాకనంత ఎత్తులో పులుల లెక్కకు కెమెరాలు కట్టాలి. ఒకరు తాడు బిగిస్తుంటే ఇంకొకరు అడవి వైపే చూస్తూ నిలబడాలి, పులి ఎటునుంచైనా రావచ్చు. హిందువులూ ముస్లింలూ అడవి దేవత బొన్‌బీబీకి మొక్కాకే అడవిలోకి అడుగుపెడతారు. ఇంత గండంలో పడవ నడిపేవాళ్లకు, కాపలావాళ్లకు పక్కా జీతం, బీమా ఇచ్చి తీరాలి. పులుల నివేదికలో వాళ్ల పేర్లూ అచ్చేయాలి. మన ఆంధ్రలోని కోరింగ మడ అడవుల్లో తిరిగేవాళ్లకూ అంతే.