ప్రశ్నకు జవాబు పొందడం కూడా హక్కే

మా మొహల్లాలో మస్జిద్ పక్కనున్న గదిలో సాయంత్రం వేళల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే ఏర్పాటు కొన్నేళ్లుగా నడుస్తోంది. పదవీ విరమణ చేసిన నాటి నుంచి నేనూ అందులో పాలుపంచుకుంటున్నాను. బోధన నా వృత్తి కాదు. ఉద్యోగకాలమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. నిరుడు ఒక సాయంత్రం లెక్కలు చేయిస్తుండగా ఒక అమ్మాయి లేచి నిలబడి, "దాదా, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుంది?" అని అడిగింది. "అది నియమం బేటీ, గుర్తుపెట్టుకో, మార్కు పోదు" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత రెండు వారాల పాటు ఏ ప్రశ్నా అడగలేదు.

ప్రభుత్వ కార్యాలయంలో పైఅధికారి ఫైలు మీద ఒక ప్రశ్న రాస్తే, దానికి సమాధానం రాయనిదే ఆ ఫైలు ముందుకు కదలదు. దశాబ్దాల పాటు ఆ క్రమశిక్షణలో బతికిన నేను ఒక చిన్నపిల్ల ప్రశ్నను మాత్రం జవాబు రాయకుండానే మూసేశాను. నా చిన్నతనంలో నాకూ ఇదే జరిగింది. సున్నాతో ఎందుకు భాగించకూడదని అడిగినందుకు తరగతి అంతా నవ్వింది, మాస్టారు కూడా నవ్వారు. లెక్కల మీద నా ఆసక్తి ఆనాడే సగం చచ్చిపోయింది. అదే పని నేను మరొకరికి చేశానన్న బాధతోనే ఈ నెల సంపాదకీయం రాస్తున్నాను.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయిని పిలిచి, నేను తెలుసుకున్నది చెప్పాను. మైనస్ మూడును వరుసగా మూడుతో, రెండుతో, ఒకటితో, సున్నాతో గుణించి చూడమన్నాను. మైనస్ తొమ్మిది, మైనస్ ఆరు, మైనస్ మూడు, సున్నా వచ్చాయి. ప్రతి మెట్టుకూ జవాబు మూడు చొప్పున పెరుగుతోంది. తర్వాతి మెట్టు మైనస్ ఒకటి. వరుస చెడకుండా ఉండాలంటే అక్కడ ప్లస్ మూడే రావాలి. ఇంకోలా కూడా చెప్పాను. కిరాణా కొట్టు ఖాతాలో మన పేరున వంద రూపాయల అప్పులు మూడు ఉన్నాయి. వాటిలో రెండు పొరపాటున రాసినవని కొట్టాయన కొట్టేశాడు. అప్పు అనేది ఒక మైనస్, కొట్టేయడం ఇంకో మైనస్. మన చేతికి పైసా రాకపోయినా మనం రెండు వందలు బాగుపడ్డాం. ఆ పిల్ల ముఖంలో కనిపించిన వెలుగు నేను ఏ జీతాల పెంపు ఉత్తర్వు అందుకున్నప్పుడూ ఎరగను.

ఇది నా సొంత తెలివి కాదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన గ్రంథంలో ఈ సంఖ్యలను ధనం, రుణం అన్న మాటలతోనే వివరించాడు. రెండు రుణాల గుణకారం ధనమవుతుందని నియమం చెప్పాడు. నేటికీ మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ధన సంఖ్యలు, రుణ సంఖ్యలు అంటున్నాం. భారతదేశపు ఖగోళ గణిత విజ్ఞానం 8వ శతాబ్దంలో బాగ్దాద్ చేరి అరబ్బీలోకి వెళ్లింది. 9వ శతాబ్దంలో అక్కడే పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్క చేసే పద్ధతి మీద ఒక గ్రంథం రాశాడు. అవి భారతీయులవని దాచలేదు. ఆయన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అన్న మాట పుట్టింది, ఆయన పేరు నుంచి అల్గారిథమ్ అన్న మాట వచ్చింది.

ఇందులో మన పిల్లలకు చెప్పవలసిన సంగతి మరొకటుంది. అంతటి అల్ ఖ్వారిజ్మీ తన సమీకరణాల్లో రుణ సంఖ్యలకు చోటివ్వలేదు. అన్ని పదాలూ ధనంగా ఉండేలా చూసుకుని, వర్గ సమీకరణాలను ఆరు రకాలుగా విడగొట్టి సాధించాడు. ఐరోపాలోనైతే రుణ సంఖ్యలకు అసలు అర్థమే లేదని వాదించిన గణితజ్ఞులు 18వ శతాబ్దంలో కూడా ఉన్నారు. మహామహులు వందల ఏళ్లు తటపటాయించిన చోట పదవ తరగతి పిల్లకు సందేహం రావడం మందబుద్ధి కాదు. ఆమె సరిగ్గా ఆలోచిస్తోందనడానికి అదే గుర్తు.

మన ఇళ్లలో విజ్ఞానం గురించి మాటలు రాకపోవు. వాయిదాల కొనుగోలులో వడ్డీ ఎంత పడుతుంది, ఫోను తయారుచేసేది ఎవరు, చంద్రుడి మీదకు పంపిన యంత్రం ఎలా దిగింది అంటూ ఇషా నమాజు తర్వాత మస్జిద్ అరుగు మీద చర్చలు సాగుతూనే ఉంటాయి. రంజాన్ ఏటా ముందుకు జరుగుతుందెందుకని పిల్లలు అడుగుతారు. చాంద్రమాసం సగటున 29.53 రోజులు. పన్నెండు నెలలకు దాదాపు 354 రోజులు. సూర్యుడి లెక్కన ఏడాదికి 365. తేడా పదకొండు రోజులు. కాబట్టి ఎండల్లో వచ్చిన ఉపవాసాలు చలికాలానికి చేరి, మళ్లీ ఎండల్లోకి రావడానికి దాదాపు 33 ఏళ్లు పడుతుంది. ఏడవ తరగతి పిల్లవాడు కాగితం మీద వేసుకోగల లెక్క ఇది. పెద్దలు పక్కన కూర్చుని చేయిస్తే, చూసి నేర్చుకున్న దానికన్నా పదింతలు గట్టిగా మనసులో నిలుస్తుంది.

అయితే ఈ చర్చలు చాలాసార్లు మరోదారి పడతాయి. సున్నా ఎవరిది, బీజగణితం ఎవరిది, మొదట కనిపెట్టింది మీవాళ్లా మావాళ్లా అన్న పోటీ మొదలవుతుంది. మన పూర్వీకుల పేర్లు చెప్పుకుని గర్వపడడంలో తప్పు లేదు. కానీ ఆ గర్వం మన పిల్లలకు ఒక్క మార్కు కూడా తేదు. బాగ్దాద్ గొప్పతనం ఇతరుల విద్యను గౌరవంగా అడిగి నేర్చుకోవడంలో ఉంది. అడిగే అలవాటును వదిలేసి పేర్లను మాత్రం పట్టుకుంటే మనం వారి వారసులమని ఎలా చెప్పుకోగలం?

ఇక అతి మామూలుగా, అందరి ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటుంది. "లెక్కలు, సైన్సు డిగ్రీ దాకా చదివితే ఏమొస్తుంది?" దీన్ని అడిగే తండ్రిని తప్పుబట్టలేం. పంక్చర్ దుకాణమో, తోపుడు బండో నడుపుకునే మనిషికి ప్రతి ఏడాదీ ఖర్చే. ఆయనకు ఉపన్యాసం కాదు, వివరం కావాలి. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన పిల్లలకు ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదు. బీఎస్సీ గణితం, ఆపై బీఈడీ చేసినవారు ఉపాధ్యాయ నియామకాలకు పోటీపడవచ్చు. 1931లో కలకత్తాలో మొదలైన భారత గణాంక సంస్థలో ప్రవేశ పరీక్ష నెగ్గి సీటు సంపాదిస్తే బోధన రుసుము ఉండదు, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. 2015 నుంచి తిరుపతిలో ఐసర్ నడుస్తోంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాతే చేరే అయిదేళ్ల సైన్సు కోర్సులున్నాయి. ఈ పేర్లు మన మొహల్లాల్లో ఎందరికి తెలుసు? తెలియకపోవడం తెలివి లేకపోవడం కాదు. చెప్పే మనిషి లేకపోవడం.

ఆడపిల్లల విషయానికి వస్తే ప్రశ్న మరింత కరుకుగా ఉంటుంది. "ఆడపిల్లకు లెక్కలెందుకు?" అంటారు. టెహ్రాన్‌లో పుట్టి పెరిగిన మర్యమ్ మీర్జాఖానీ 2014లో గణితంలో అత్యున్నత పురస్కారమైన ఫీల్డ్స్ పతకం అందుకుంది. అంతకుముందు ఏ స్త్రీకీ అది దక్కలేదు. 2017లో నలభై ఏళ్లకే క్యాన్సర్‌తో కన్నుమూసింది. చిన్నతనంలో ఒక ఏడాది తాను లెక్కల్లో వెనకబడ్డానని, తనలో ప్రతిభ ఉందని అప్పటి ఉపాధ్యాయురాలు అనుకోలేదని, మరుసటి ఏడాది వేరే ఉపాధ్యాయురాలు ప్రోత్సహించడంతో పరిస్థితి మారిందని ఆమే చెప్పుకుంది. ఆ రెండో ఉపాధ్యాయురాలు దొరకని మర్యమ్‌లు మన వీధుల్లో ఎందరున్నారో!

ప్రశ్న అడిగే పిల్లలు విశ్వవిద్యాలయం దాకా చేరడం లేదనడానికి ప్రభుత్వ లెక్కలే సాక్ష్యం. దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు పాతికమందిలో ఒకరు, పీజీ విద్యార్థులు యాభైమందిలో ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం 14.2 శాతం. కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే చూస్తే 2019-20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19.21 లక్షలకు పడిపోయింది. అది కరోనా కాలం, నిజమే. కానీ అదే ఏడాది దేశంలో మొత్తం విద్యార్థుల సంఖ్య 3.85 కోట్ల నుంచి 4.14 కోట్లకు పెరిగింది. మరుసటి ఏడాది మన సంఖ్య తిరిగి 21 లక్షలు దాటినా, మొత్తంలో మన వాటా అయిదు శాతానికి లోపే ఉంది.

ఇటువంటి స్థితిలో చేయూత పెరగాలి. జరిగింది మరొకటి. ఎంఫిల్, పీహెచ్‌డీ చేసే మైనారిటీ విద్యార్థులకు 2009 నుంచి ఇస్తున్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేశారు. ఇతర పథకాలు ఉన్నాయి కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. 2022లోనే ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి పిల్లలకు కేంద్రం ఇచ్చే మైనారిటీ ఉపకారవేతనాన్ని కూడా ఆపి, దాన్ని తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేశారు. విద్యాహక్కు చట్టం కింద ఎనిమిదవ తరగతి దాకా చదువు ఉచితమే కదా అన్నారు. ఆ చిన్న మొత్తంతో నోటు పుస్తకాలు, చెప్పులు కొనుక్కున్న ఇళ్లు నాకు తెలుసు. పునాదిలో ఒక ఇటుక, పైకప్పులో ఒక ఇటుక తీసి, ఇల్లు నిలబడలేదేమని అడగడం న్యాయం కాదు. ఈ రెండింటినీ పునరుద్ధరించాలని మనం కోరుతూనే ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో 2007 చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ ఎందరో పేద పిల్లలకు కళాశాల తలుపు తెరిచింది. అది 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఆధారంగా కొనసాగుతోందన్న సంగతి కూడా మరువరాదు.

భాష సంగతి కూడా చెప్పాలి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం సహా అన్ని శాస్త్రాలనూ ఉర్దూలోనే బోధించారు. అందుకోసం అంతకుముందు ఏడాదే అనువాద సంస్థను నెలకొల్పి పుస్తకాలు సిద్ధం చేశారు. ఆ విశ్వవిద్యాలయంలో చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ జర్మనీ వెళ్లి హైసెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి వచ్చి అక్కడే గణితం బోధించాడు. మన భాషలో సైన్సు కుదరదన్న మాట అబద్ధమని ఆ చరిత్రే చెబుతోంది. నేడు పదవ తరగతి దాకా ఉర్దూలో చదివిన పిల్ల ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో భౌతికశాస్త్రం వినవలసి వస్తోంది. విషయం రాక కాదు, మాట అర్థంకాక చేతులెత్తేస్తోంది. ఉర్దూ పాఠశాలల్లో ఖాళీగా ఉన్న గణితం, సైన్సు పోస్టులు నింపడం, పదవ తరగతి తర్వాత వేసవిలో శాస్త్ర పదాలను రెండు భాషల్లో నేర్పే తరగతులు నడపడం ప్రభుత్వం చేయగలిగిన పనులే.

ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు మన ఇంటి లెక్క కూడా సరిచూసుకోవాలి. మస్జిద్ కమిటీలకు నా విన్నపం ఒకటే. వారంలో ఒక సాయంత్రం ఒక గంట పిల్లల ప్రశ్నలకు కేటాయించండి. మీ ఊళ్లో డిగ్రీ చదివే యువకులను, యువతులను పిలవండి. ఆడపిల్లలకు కూడా చోటుండేలా ఏర్పాటు చేయండి. జవాబు తెలియని ప్రశ్నను ఒక పుస్తకంలో రాసి, వచ్చే వారం జవాబుతో రండి. తెలియదని ఒప్పుకోవడం పెద్దరికానికి మచ్చ కాదు. అమ్మలకు, అబ్బాజాన్‌లకు చెప్పేదేమంటే, పిల్లల ప్రశ్నకు కోపగించకండి. చదువు రాని తల్లి కూడా "రేపు టీచరమ్మను అడిగి వచ్చి నాకు చెప్పు బేటా" అనగలదు. ఆ మాటకు డబ్బు ఖర్చు కాదు.

మొదట చెప్పిన అమ్మాయి ఈ వేసవిలో పదవ తరగతి పాసైంది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి. ఆమెకు ఎంపీసీ చదవాలని ఉంది. తండ్రి ఇంకా ఏమీ తేల్చలేదు. పోయిన జుమా నాడు ఆయనతో మాట్లాడాను. "చూద్దాం భాయ్ సాబ్" అన్నాడు. ఇంటర్ ప్రవేశాలు జరుగుతున్న ఈ రోజుల్లో ఇటువంటి "చూద్దాం" మీద ఎందరో పిల్లల భవిష్యత్తు ఆగి ఉంది. వచ్చే జుమాకు ముందే మళ్లీ ఆయన ఇంటికి వెళ్తాను. మీ వీధిలోనూ అటువంటి ఇల్లు ఒకటి తప్పక ఉంటుంది. మీరూ వెళ్లండి.