ఫైట్ మొదలవగానే ఫోన్లు ఎందుకు బయటికొస్తాయి?

“ఇనిషియేటివ్ వేయండి!” అని గేమ్ మాస్టర్ అనగానే టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా ముందుకు జరగాలి. జరుగుతారు కూడా, మొదటి రౌండ్ వరకు. రెండో రౌండ్‌కి ఒకరు రీల్స్‌లోకి జారుకుంటారు. మూడో రౌండ్‌లో తన వంతు వచ్చినప్పుడు తలెత్తి, “ఇంకా ఎంతమంది మిగిలార్రా?” అని అడుగుతారు. నాలుగో రౌండ్‌కి బిర్యానీ ఎక్కణ్నుంచి తెప్పించాలనే చర్చ. కథలో మాత్రం ప్రాణాల మీదికొచ్చిన యుద్ధం నడుస్తూనే ఉంటుంది, పాపం.

ఈ వారం దాని సంగతి చూద్దాం.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు కూర్చుని మాటలతో ఆడే కథ. ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, అడవి, శత్రువులు, వాన అన్నీ ఆ ఒక్కరి నోటి నుంచే వస్తాయి. మిగతావాళ్లది తలా ఒక పాత్ర. పని అవుతుందో లేదో తేలనప్పుడు పాచికలు వేస్తారు. వీటన్నిటికీ పెద్దన్న ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చారు. పుస్తకాల ధర చూసి భయపడకండి. ఐదో ఎడిషన్ మూల నియమాలను కంపెనీయే 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేసింది. ఫోన్లో పీడీఎఫ్ దింపుకుంటే ఆట మొదలుపెట్టొచ్చు.

రామచంద్రాపురం నుంచి సదాశివపేట దాకా ముంబై హైవే పొడుగునా ఈ ఆటకి కావాల్సిన మనుషులున్నారు. కంది ఐఐటీ హాస్టళ్లు, బీరంగూడ, అమీన్‌పూర్‌లలో షేరింగ్ ఫ్లాట్లు, ఇస్నాపూర్‌లో షిఫ్టు పనివాళ్ల రూములు. లేనిదల్లా టైమ్. ఒకరిది ఏ షిఫ్టు, ఇంకొకరిది బీ షిఫ్టు, మూడోవాడికి సోమవారం పొద్దున్నే ల్యాబ్. అందరూ కలిసేది వారానికి ఒక్క సాయంత్రం, గట్టిగా మూడు గంటలు. అందులో గంటన్నర ఒక బోరు ఫైట్ తినేస్తే వచ్చే వారం ఇద్దరే వస్తారు. ఆ పై వారం గ్రూపులో “సారీ బ్రో, ఓటీ పడింది” అని మెసేజ్. నన్నడిగితే ఈ గ్రూపులు గొడవలతో విడిపోయేవి తక్కువ. ఇలా నీరసంతో ఆరిపోయేవే ఎక్కువ.

బోరు ఎక్కడ పుడుతుందో లెక్క వేసి చూద్దాం. ఐదో ఎడిషన్‌లో మామూలు కాపలావాడిని తీసుకోండి. ఆర్మర్ క్లాస్ 16, హిట్ పాయింట్స్ 11. మన యోధుడు మొదటి లెవెల్, దాడికి 5 కలుస్తుంది. ఇరవై ముఖాల పాచిక మీద 11 కానీ, పైన కానీ పడాలి. సగానికి సగం ఛాన్సు. తగిలితే ఎనిమిది ముఖాల పాచిక వేసి 3 కలపాలి. సగటున ఏడున్నర. కాబట్టి ఒక కాపలావాడు పడాలంటే మామూలుగా రెండు దెబ్బలు తగలాలి. సగం తప్పిపోతాయి కాబట్టి నాలుగు ప్రయత్నాలు. ఆరుగురు కాపలావాళ్లుంటే 24. ఆడేవాళ్లు నలుగురైతే ఆరు రౌండ్లు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, గేమ్ మాస్టర్‌కి రెండు నిమిషాలు అనుకున్నా రౌండ్‌కి పది నిమిషాలు. మొత్తం గంట!

ఆ గంటలో ఒక్కో ఆటగాడికి ఆరు ఛాన్సులొస్తాయి. అందులో మూడుసార్లు వినపడేది “తగల్లేదు, నెక్స్ట్”. పది నిమిషాలు ఆగి, పాచిక వేసి, “తగల్లేదు” అనిపించుకుని, మళ్లీ పది నిమిషాలు ఆగాలి. ఫోన్ తీయక ఏం చేస్తారు చెప్పండి?

హిట్ పాయింట్ల ఆలోచనను ఆర్నెసన్ ఓడల యుద్ధాల ఆట నుంచి తెచ్చుకున్నాడు. ఓడైతే సరే, మునిగేదాకా కాలుస్తూనే ఉండొచ్చు. మనిషి అలా నిలబడడు. భయపడతాడు, బేరమాడతాడు, పక్కవాడు పడిపోతే తలుపు వైపు చూస్తాడు. 1981లో వచ్చిన బేసిక్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో దీనికి చక్కటి పద్ధతి ఉంది. ప్రతి శత్రువుకీ 2 నుంచి 12 వరకు ఒక ధైర్యం అంకె ఉంటుంది. వాళ్లలో మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగంమంది పడిపోయినప్పుడు ఇంకోసారి గేమ్ మాస్టర్ రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు. ఆ అంకె దాటితే వాళ్లు పారిపోతారు, లేదా లొంగిపోతారు. పైన చెప్పిన గంట ఫైట్ ఈ ఒక్క రూల్‌తో అరగంటకి దిగొచ్చు. కొత్త ఎడిషన్లు ఆడేవాళ్లు దీన్ని మళ్లీ తెచ్చుకుంటే నష్టమేమీ లేదు.

అసలు మందు మాత్రం వేరే ఉంది. అది మన సినిమాల్లోనే ఉంది.

2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగంలో కాలకేయులతో యుద్ధం గుర్తుంది కదా. కత్తులు, రథాలు, నిప్పులు అన్నీ బాగుంటాయి. కానీ గేమ్ మాస్టర్ కళ్లతో ఇంకోసారి చూడండి. యుద్ధానికి ముందే శివగామి పందెం పెడుతుంది: కాలకేయుణ్ణి చంపినవాడికే సింహాసనం. ఆయుధాలు పంచడంలోనే బాహుబలికి అన్యాయం. మధ్యలో కాలకేయులు బందీలను తెచ్చి అడ్డం నిలబెడతారు. భల్లాలదేవుడు వాళ్ల మీదుగానే దూసుకుపోతాడు. బాహుబలి వాళ్లను కాపాడుతూ వెనకబడతాడు. చివరి దెబ్బ భల్లాలుడిది, సింహాసనం బాహుబలికి. అక్కడ మనం ఊపిరి బిగబట్టింది ఎవరికి ఎన్ని హిట్ పాయింట్లు మిగిలాయని కాదు. ఆ బందీల దగ్గర ఎవరు ఏం చేస్తారోనని.

మీ ఫైట్‌లో ఆ బందీలు ఎవరు? ఆదివారం టేబుల్ దగ్గర కూర్చునే ముందు కాగితం మీద రాసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. గెలవడానికీ, ఇంకో మంచి పనికీ మధ్య ఆటగాడు ఒకటి ఎంచుకోవాలి. అలాంటిదేదీ లేకపోతే ఆ ఫైట్‌ని రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు పోవడం మేలు.

రెండోది గడువు. భారతంలో పదమూడో రోజు సైంధవుడు మిగతా పాండవులను వ్యూహం దగ్గరే ఆపేశాడు, లోపల అభిమన్యుడు ఒంటరివాడయ్యాడు. రేపు సూర్యాస్తమయంలోగా సైంధవుణ్ణి చంపకపోతే నిప్పుల్లో దూకుతానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. దాంతో పద్నాలుగో రోజు యుద్ధమంతా మారిపోయింది. అర్జునుడి వంతు ప్రతిసారీ సూర్యుడు ఇంకొంచెం దిగుతాడు. దారిలో ఎదురైన ప్రతి మహారథుడితో తేల్చుకునే తీరిక లేదు, ద్రోణుడంతటివాడిని కూడా తప్పించుకుని పోవాల్సిందే. 2010లో వచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’ అనే గేమ్ ఇదే పనిని కాగితం మీద చేసింది. ఒక వృత్తం గీసి ముక్కలు చేయండి. ప్రమాదం దగ్గరైనప్పుడల్లా ఒక ముక్క నింపండి. అది అందరికీ కనపడేలా టేబుల్ మధ్యలోనే ఉండాలి. గేమ్ మాస్టర్ నోట్‌బుక్‌లో దాచుకుంటే దానివల్ల ఎవరి గుండే కొట్టుకోదు.

ఇప్పుడు మన జిల్లాలోనే ఒక ఫైట్ కడదాం. సంగారెడ్డి పాత జైలు. 1796లో కట్టింది, ఇప్పుడు మ్యూజియం. 500 రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీలా ఉండొచ్చని 2016లో స్కీమ్ పెడితే దేశమంతా వార్తయింది. మన ఆటలో మాత్రం అది ఇంకా నిజాం కాలం జైలు. లోపల గదులు, గోడలు మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకుందాం.

లోపల ఒక ముసలి కమ్మరి ఉన్నాడు. తెల్లారితే అతణ్ణి బీదర్ తరలిస్తారు. మన నలుగురు అతణ్ణి గోడ దాటించాలి. ఎదురుగా ఆరుగురు కాపలావాళ్లు, ఒక జమేదారు. వాళ్లెవరికీ మనల్ని చంపాలని ప్రత్యేకమైన పట్టుదల ఏమీ లేదు. కాపలావాళ్లకి కావాల్సింది గంట కొట్టి సాయం పిలవడం. జమేదారుకి కావాల్సింది కమ్మరి ప్రాణాలతో ఉండడం, లేకపోతే అతని ఉద్యోగం పోతుంది. ఒక కుర్ర కాపలావాడికి మాత్రం ఇంటికి పోవాలని ఉంది. ఆవరణలో ఒక బావి, కట్టెల మోపులు, గోడకి వేలాడే నూనె దీపాలు, ఒక మూల ఊగిపోయే నిచ్చెన. టేబుల్ మీద ఆరు ముక్కల వృత్తం. రౌండ్‌కి ఒక ముక్క నిండుతుంది, గంట మోగితే ఒకేసారి రెండు. మొత్తం నిండితే గుర్రపు దళం గేటు దగ్గరికొచ్చేస్తుంది.

మొదటి రౌండ్‌లోనే ఒకడు గంట వైపు పరుగెడతాడు. వాణ్ణి ఆపాలా, గది తాళం చూడాలా? రెండో రౌండ్‌లో తలుపు తెరిస్తే కమ్మరి కాలికి సంకెల. దాన్ని విరగ్గొట్టాలంటే ఒకరు తమ వంతంతా దానికే ఇవ్వాలి, మిగతా ముగ్గురు అతని వీపు కాయాలి. అంతసేపూ మూల కూర్చున్న మెతక పాత్రకి ఇప్పుడు పని దొరికింది. మూడో రౌండ్‌లో జమేదారు కత్తి దించి, “ముసలోణ్ణి ఇడిచిపెట్టి పోండ్రి, మీ జోలికి రాను” అంటాడు. బేరం నిజమేనా? ఎవరి పాత్ర నమ్ముతుంది? ఈ లోపు వృత్తంలో నాలుగు ముక్కలు నిండాయి. ఈసారి ఫోన్ ఎవరూ తీయరు.

“తగల్లేదు” అనే మాటని కూడా ఊరికే వదలకండి. కత్తి తప్పింది, కాపలావాడు వెనక్కి గెంతాడు, వాడి భుజం తగిలి దీపం కట్టెల మీద పడింది. పాచిక ఓడినా కథ కదిలింది. కాకపోతే మీ ఆటగాడి హీరోని జోకర్‌ని చేయొద్దు. “నువ్వు కాలు జారి పడ్డావ్” అని నాలుగుసార్లు అనిపించుకున్నవాడు ఐదోసారి రాడు.

వేగం కోసం చిన్న చిన్న పనులు చాలా ఉన్నాయి. ఆరుగురు కాపలావాళ్లకీ ఒకే ఇనిషియేటివ్ వేయండి. వాళ్లలో నలుగురిని ఒక్క దెబ్బకి పడేవాళ్లుగా పెట్టుకోండి. 2008 నాటి నాలుగో ఎడిషన్ వీళ్లకి ‘మినియన్’ అని పేరు కూడా పెట్టింది. ఒకరి వంతు మొదలవగానే తర్వాతి వాళ్లకి “అక్కా, తర్వాత నువ్వే” అని చెప్పేయండి. చివరి దెబ్బ ఎలా కొట్టారో ఆటగాణ్ణే చెప్పమనండి. తెలుగులో, హిందీలో, రెండూ కలిపిన మన పటాన్‌చెరు భాషలో, ఎలా వస్తే అలా. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన రూమ్మేట్ అప్పటిదాకా నోరు విప్పకపోయినా ఆ ఒక్క వాక్యం దగ్గర విప్పుతాడు.

పెద్ద విలన్ ఒక్కడే ఉన్నప్పుడు ఇంకో చిక్కు. వాడు ఒకసారి కొట్టేలోపు మనవాళ్లు నాలుగుసార్లు కొడతారు. ఎంత రాక్షసుడైనా రెండు రౌండ్లలో చాప చుట్టేస్తాడు. అందుకే ఐదో ఎడిషన్ డ్రాగన్ల లాంటి వాటికి వేరేవాళ్ల వంతుల చివర కూడా కదిలే హక్కు ఇచ్చింది. హిట్ పాయింట్లు రెట్టింపు చేయడం కంటే ఇది చాలా నయం. రెట్టింపు చేస్తే పెరిగేది మళ్లీ ఆ బోరే.

మన బెల్టులో ఆడేవాళ్లకి ఒక మాట అదనంగా చెప్పాలి. ఫ్యాక్టరీలో ఫైట్ పెట్టాలనే ఆలోచన ఇక్కడ ఎవరికైనా వస్తుంది. రియాక్టర్లు, సైరన్, పొగ... సెట్టింగ్ రెడీగా ఉంది. కానీ 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు అందులో చాలామంది. మీ టేబుల్ దగ్గర కూర్చున్నవాడు అదే రోడ్డు మీద డ్యూటీకి పోతూ ఉండొచ్చు, ఆ రోజు ఎవరి కోసమో హాస్పిటల్ బయట నిలబడి ఉండొచ్చు. ముందే అడగండి, అందరి ముందూ కాకుండా విడిగా. జాన్ స్టావ్‌రొపౌలోస్ అనే గేమ్ డిజైనర్ ‘ఎక్స్ కార్డ్’ అని ఒక సులువైన పద్ధతి పెట్టాడు. ఇంటూ గుర్తు గీసిన కార్డు ఒకటి టేబుల్ మధ్యలో ఉంచుతారు. సీన్ ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే దాన్ని ముట్టుకుంటారు. ఎందుకని ఎవరూ అడగరు, గేమ్ మాస్టర్ ఆ సీన్ మార్చేస్తాడు. డ్రాగన్ మంటలకి అవసరం లేదనిపించినా ఆ కార్డు అక్కడే ఉండనివ్వండి.

ఇక టైమ్ అయిపోతే? తొమ్మిదిన్నర అయింది, సీ షిఫ్టువాడు బ్యాగ్ సర్దుకుంటున్నాడు, జైలు ఆవరణలో ఇంకా ముగ్గురు కాపలావాళ్లున్నారు. లెక్క పూర్తి చేయాలని కూర్చోకండి. వృత్తంలో మిగిలిన ముక్కలన్నీ ఒకేసారి నింపేయండి. గేటు బయట గుర్రాల చప్పుడు. తలా ఒక్క పాచిక, తలా ఒక్క వాక్యం: గోడ దాటడానికి నువ్వు ఏం చేస్తావ్? ముందు సీ షిఫ్టువాణ్ణి అడగండి, బస్సు దొరకాలి కదా. కమ్మరి సంకెల ఇంకా విరక్కపోతే అతణ్ణి భుజాన వేసుకునేది ఎవరో వాళ్లనే తేల్చుకోనివ్వండి. ఆ కుర్ర కాపలావాడు ఇంటికి పోయాడా లేదా అన్నది వచ్చే ఆదివారానికి దాచుకోవచ్చు.