స్టార్టరు పెట్టెకు ఏ పూత మేలు?



మోటారు కొనునపుడు దాని గుఱ్ఱపుబలమును, పైపుల మందమును పదిమారులు విచారించు మనము, స్టార్టరు పెట్టెకు పూసిన పూతను గూర్చి ఒక్కమాటయైన అడుగము. ఈ యశ్రద్ధ ఎంతకు తెచ్చునో మేము కన్నులార చూచితిమి. ఒక వానకాలమున ఒక తోటలో పెట్టె అడుగురేకు తుప్పు తిని చిల్లిపడెను. లోనికి తేమ చేరెను. సడలిన తీగ రేకునకు తగిలెను. ఎర్తు తీగయు తుప్పుపట్టి తెగియుండెను. తెల్లవారుజామున మీట వేయబోయి పెట్టెను తాకిన రైతు ఎగిరి దూరముగా పడి, దైవకృపచే బ్రదికెను. అందఱికిని అట్టి యదృష్టము పట్టదు.

మన రుద్రారము ప్రాంతమున ఈ జాగ్రత్త మఱింత యవసరము. పటాన్‌చెరువు కర్మాగారముల వ్యర్థజలముల సంగతి 1990లోనే సుప్రీంకోర్టు వఱకు పోయినది. నీరువలెనే గాలియు లోహమునకు శత్రువు కాగలదు. ఆమ్లపు ఆవిరియు మంచుతేమయు కలిసినచోట ఇనుము త్వరగా క్షీణించును. ఇది చాలదన్నట్లు, మనమే పొటాషు బస్తాలను స్టార్టరు గదిలో పేర్చుచున్నాము. దానిలోని క్లోరైడు ఉప్పు తేమను పీల్చి తుప్పును పెంచును.

ఇక పూతల విషయము. ఎఱ్ఱ ఆక్సైడుపై రంగు వేసిన పెట్టె చౌక. కాని ఒక్క గీత పడినచో తుప్పు రంగు క్రిందుగా ప్రాకును. జింకు పూత వేఱు. 1837లో ఫ్రాన్సు దేశీయుడగు సొరెల్ హక్కుపత్రము పొందిన ఈ పద్ధతిలో, ఇనుమును సుమారు 450 డిగ్రీల వేడిగల కరిగిన జింకులో ముంచుదురు. గీత పడినను జింకు తాను కరగి ఇనుమును కాచును. పలుచని రేకు ఆ వేడికి వంకరపోవచ్చును గనుక, ముందే జింకు పూసిన రేకుతో పెట్టెలు చేయుట కలదు. చదరపు మీటరుకు రెండు వైపుల కలిపి 275 గ్రాముల పూతగల రేకు అడుగవలెను. అయితే ఆమ్లపు గాలి జింకును సైతము తినివేయును. కావున జింకుపై పౌడరు పూత కాల్చి వేసిన పెట్టెయే మన చోటికి తగినదని మా నిశ్చితాభిప్రాయము. ఆ పొడి పాలియెస్టరుది కావలెను. ఎపాక్సీ పొడి ఎండకు సుద్దవలె రాలును.

పైమెఱుగును చూచి మోసపోరాదు. పైన పటారము, లోన లొటారము! రేకును జిడ్డులేకుండ కడిగి, ఫాస్ఫేటు పట్టించిన తరువాతనే పౌడరు నిలుచును. నమూనా రేకుపై నిలువుగను అడ్డముగను సన్నని కోతలు కోసి, జిగురుపట్టీ యంటించి లాగి చూడుడు. పూత పెచ్చులుగా ఊడివచ్చినచో ఆ సరకును త్రిప్పిపంపుడు.

మంచి పూతయు మన చేతనే చెడవచ్చును. తీగకొఱకు రంధ్రమును పెట్టె నెత్తిన గాక అడుగున వేయించి, అంచునకు జింకు రంగు పూసి, గ్లాండు బిగింపవలెను. పౌడరు పూత విద్యుత్తును పోనీయదు. గనుక ఎర్తు బోల్టు క్రింద మాత్రము పూతను గీకి, లోహమునకు లోహము తగులునట్లు బిగించి, పైన గ్రీజు పట్టింపవలెను. తలుపునకును వేఱొక ఎర్తు తీగ యుండవలెను. ఈ పనులన్నియు కరెంటు పూర్తిగా తీసివేసి, తెలిసిన పనివానిచేతనే చేయింపవలెను.

వెల హెచ్చని కొందఱందురు. నిజమే, ఒక్కొక్కరు విడిగా కొన్నచో హెచ్చే. అందుకే గదా సంఘము! ఎరువులను కలిసి తెప్పించుకొనుచున్న మనము పెట్టెలను మాత్రమేల విడివిడిగా బేరమాడవలెను? సభ్యుల అవసరములను వ్రాసికొని, పూత వివరమును ఆర్డరులోనే పేర్కొని, వచ్చిన సరకును పరీక్షించి తీసికొన్నచో, చౌక పెట్టెలను రెండుమూడుమారులు మార్చు ఖర్చు తప్పును. కాలిన మోటారునకు తీగ చుట్టించు ఖర్చును తప్పును. ప్రాణమునకు వెల కట్టువా రెవరు?

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చింపవలెనని కోరుచున్నాము. అంతలో ప్రతిరైతును కరెంటు తీసి, తన పెట్టె అడుగును ఒక్కమారు పరికించునుగాక.