షార్ట్ బెడ్ పికప్‌కు జారే హిచ్ తప్పనిసరి

ఫిఫ్త్ వీల్ హిచ్ అంటే పికప్ బెడ్‌లో, అంటే వెనకున్న సామాను తొట్టిలో, వెనక ఇరుసుకు పైన బిగించే ఇనుప దవడ. ట్రైలర్ ముక్కు కింద వేలాడే రెండంగుళాల కింగ్‌పిన్‌ను అది పట్టుకుంటుంది. ట్రైలర్ తిరిగేది ఆ పిన్ను చుట్టూనే. జారే హిచ్‌లో ఆ దవడ పట్టాల మీద వెనక్కి కదులుతుంది. అది పన్నెండు పద్నాలుగు అంగుళాలు వెనక్కి జరిగితే, ఇరుకు మలుపులో ట్రైలర్ మూలకూ క్యాబిన్ అద్దానికీ మధ్య అంత ఖాళీ అదనంగా దొరుకుతుంది. లాంగ్ బెడ్ బండికి ఆ ఖాళీ పుట్టుకతోనే ఉంది. బెడ్ పొట్టిగా ఉండే షార్ట్ బెడ్‌కు లేదు. లేని బండికి కదలని హిచ్ బిగించి, ట్రైలర్ తగిలించి, తాళాలు చేతిలో పెట్టి పంపే అమ్మకం అమెరికాలో ఇప్పటికీ సాగుతోంది. అది ఆగాలి.

ఈ కరపత్రానికి కారణం టెక్సాస్‌లో ఒక తెలుగు కుటుంబానికి జరిగిన ప్రమాదం. బండి 2500 తరగతి, నాలుగు తలుపుల క్యాబిన్, ఆరున్నర అడుగుల బెడ్. ట్రైలర్ వెడల్పు 102 అంగుళాలు. కొని నెల తిరగలేదు. క్యాంప్‌గ్రౌండ్‌లో చీకటి పడే వేళ రెండు ఓక్ చెట్ల మధ్య చోటులోకి ట్రైలర్‌ను వెనక్కి పెడుతున్నారు. భార్య టార్చి పట్టుకుని ట్రైలర్ వెనక నిలబడి, ఇంకొంచెం రానియ్యండి, ఇంకొంచెం అంటోంది. భర్త కళ్లు పక్క అద్దాల్లో ఉన్నాయి. ఆ అద్దాల్లో కనిపించేది ట్రైలర్ వెనక చక్రాలు, చెట్టు మొదలు. క్యాబిన్ వెనక దాకా వచ్చేసిన ట్రైలర్ మూల వాటిలో కనిపించదు. ముందు గీరిన చప్పుడు, వెంటనే వెనక అద్దం కుప్పకూలిన చప్పుడు. గాజు పలుకులు వెనక సీటులో పిల్లవాడి బూస్టర్ సీటు నిండా పడ్డాయి. పిల్లవాడు అప్పటికి రెండు నిమిషాల ముందే దిగి తల్లి దగ్గరికి వెళ్లాడు. అమ్మేటప్పుడు ఆ కుటుంబానికి దొరికిన హెచ్చరిక ఒక్కటే: మెల్లగా తిప్పుకుంటే ఏమీ కాదని.

మెల్లగా తిప్పినా అద్దం పగులుతుంది. ఇది వేగానికి సంబంధించిన సంగతి కాదు, కోణానికి సంబంధించింది. షార్ట్ బెడ్ హెవీ డ్యూటీ పికప్‌లో క్యాబిన్ వెనక గోడ నుంచి ఇరుసు మధ్యకు దూరం సుమారు 40 అంగుళాలు. లాంగ్ బెడ్‌లో అది 56. ట్రైలర్ 102 అంగుళాల వెడల్పుంటే అందులో సగం 51. ట్రైలర్ ముందు గోడ పిన్నుకు సమానంగా, చదరంగా ఉందనుకుంటే, దాని మూల పిన్ను చుట్టూ 51 అంగుళాల వ్యాసార్థంతో తిరుగుతుంది. 40 అంగుళాల దూరంలో ఉన్న క్యాబిన్‌ను అది దాదాపు 52 డిగ్రీల దగ్గరే తాకుతుంది. ట్రైలర్ 96 అంగుళాలదైతే సుమారు 56 డిగ్రీలు. వెనక్కి పెట్టేటప్పుడు ఈ కోణాలు అరుదు కాదు. పెట్రోలు బంకులో ఎదురుగా బండి అడ్డొచ్చినా, క్యాంప్‌గ్రౌండ్‌లో దారి తప్పి సందు చివర తిరగాల్సి వచ్చినా వాహనం అక్కడికి చేరుతుంది. లాంగ్ బెడ్‌లో 56లోంచి 51 తీస్తే అయిదంగుళాలు మిగులుతాయి, 90 డిగ్రీలకు తిప్పినా మూల తగలదు. షార్ట్ బెడ్‌లో హిచ్ 12 అంగుళాలు వెనక్కి జారితే 40 కాస్తా 52 అవుతుంది. మిగిలేది ఒక్క అంగుళమే. 14 అంగుళాలు జారితే మూడు. ట్రైలర్ ముందు గోడ పిన్నును దాటి ముందుకు పొడుచుకొస్తే ఈ లెక్క ఇంకా బిగుస్తుంది, మూలలు లోపలికి వంగి ఉంటే సడలుతుంది. అయిదున్నర అడుగుల బెడ్‌కు క్యాబిన్ మరీ దగ్గర కాబట్టి 12 అంగుళాల జారుడు చాలదు. ఆ బండికి అంతకంటే ఎక్కువ జారే నమూనాయే కావాలి.

దవడను శాశ్వతంగానే వెనక్కి బిగించేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. ఎడ్లబండి ఉన్న ఇంట పెరిగినవారికి దీనికి జవాబు తెలుసు. బస్తాలు ఇరుసు దాటి వెనక్కి పేరిస్తే మొగ్గు వెనక్కి పోతుంది, కాడి ఎద్దుల మెడల మీద నుంచి లేస్తుంది. పికప్‌లోనూ అంతే. పిన్ను మీద పడే బరువు 2,400 పౌండ్లు, వీల్‌బేస్ 160 అంగుళాలు అనుకుంటే, పిన్ను ఇరుసుకు 12 అంగుళాలు వెనక ఉన్నప్పుడు ముందు చక్రాల మీద నుంచి 180 పౌండ్లు తేలిపోతాయి. స్టీరింగ్ తిప్పేవీ, బ్రేకు వేస్తే ఎక్కువగా పట్టేవీ ఆ చక్రాలే. పైగా ట్రైలర్ పక్కకు తోసే తోపుకు బండిని ఊపే బలం పెరుగుతుంది. అందుకే హైవే మీద పిన్ను ఇరుసుకు పైన గానీ కాస్త ముందు గానీ ఉండాలి, ఇరుకు మలుపులో వెనక్కి పోవాలి. రెండూ ఒకే హిచ్ చేయాలంటే అది జారక తప్పదు.

ఈ ఇబ్బంది ఎక్కడ పుట్టిందో చరిత్రలో స్పష్టంగానే ఉంది. పూర్వం గుర్రబ్బండి ముందు ఇరుసు తిరగడానికి అడ్డంగా పరిచిన ఇనుప వలయానికి, నాలుగు చక్రాలపై అదనం కాబట్టి, అయిదో చక్రమని పేరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో లారీ ట్రైలర్లకు అదే పేరుతో జోడింపు వచ్చింది. లారీలో ఇంజన్‌కూ జోడింపుకూ మధ్య చోటు ముందే లెక్కగట్టి చేస్తారు. పాత పికప్‌లోనూ ఒక్క వరస సీటు, దాని వెనక ఎనిమిదడుగుల బెడ్ ఉండేవి. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ట్రావెలెట్‌తో రెండు వరసల సీట్ల పికప్ వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో కుటుంబాలు ఆ క్యాబిన్‌నే కోరుకున్నాయి. బండి గరాజులో పట్టాలి, పార్కింగులో ఇమడాలి కాబట్టి పొడవు పెంచకుండా బెడ్‌ను కోశారు. క్యాబిన్ వెనక్కి జరిగింది, బెడ్ తగ్గింది. ట్రైలర్ వెడల్పు మాత్రం తగ్గకపోగా 102 అంగుళాల దాకా పెరిగింది. 2011 నుంచి ఫోర్డ్ సూపర్ డ్యూటీలోనూ, ఆ తర్వాత మిగతా కంపెనీల బండ్లలోనూ ఫ్యాక్టరీ నుంచే బెడ్‌లో హిచ్ బిగించే గుంటలు రావడం మొదలైంది. డ్రిల్లు పెట్టకుండా పావుగంటలో హిచ్ కూర్చుంటుంది. కానీ ఆ గుంటలు క్యాబిన్‌ను ఒక్క అంగుళం కూడా ముందుకు జరపవు. సులువుగా కూర్చున్నదల్లా సరిగ్గా కూర్చున్నట్టే అన్న నమ్మకం మాత్రం వాటితో పాటే వచ్చింది.

అసలు తప్పు అమ్మేచోట ఉంది. కొనేవాడికి చూపించే సంఖ్య ఎప్పుడూ లాగే శక్తి: ఇన్ని వేల పౌండ్లు లాగుతుందని. హిచ్ పెట్టె మీదా అదే తరహా సంఖ్య, 16 వేలనీ 20 వేలనీ. క్యాబిన్‌కు ఇరుసుకు మధ్య దూరం ఎంతో, ట్రైలర్ సగం వెడల్పు ఎంతో పక్కపక్కన రాసి చూపించేవారు లేరు. టేపు తీసి కొలవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు కూడా పెట్టకుండా వేల డాలర్ల బిల్లు మీద సంతకం తీసుకోవడం నిర్లక్ష్యం కాదు, బాధ్యతను కొనేవాడి మెడకు చుట్టి పంపడం. అద్దం పగిలాక అదే కౌంటరు దగ్గరకు వెళితే వచ్చే సమాధానం డ్రైవింగ్ లోపమని. 52 డిగ్రీల దగ్గర తగలడం ఖాయమని లెక్క చెబుతుంటే, 53వ డిగ్రీ దాకా తిప్పినవాడిది లోపమనడం మోసం. మొదటిసారి ట్రైలర్ లాగుతున్నవాడికి కోణం కొలిచే సాధనం లేదు, మూలను చూపే అద్దం లేదు, ఎవరూ చెప్పలేదు. తెలిసి చెప్పనివాడే ఇక్కడ దోషి.

ఇంకా బాధించే మాట ఒకటుంది. ఫలానా ట్రైలర్ ముందు మూలలు లోపలికి మలిచారు, షార్ట్ బెడ్‌కైనా జారే హిచ్ అక్కర్లేదని. మూలలు మలిస్తే మేలే. ఆ మేలు ఎంతన్నది హిచ్ ఇరుసుకు ఎటు ఎన్ని అంగుళాల్లో కూర్చుందన్నదాన్ని బట్టి, కింగ్‌పిన్‌ను మోసే పిన్ బాక్స్ పొడవును బట్టి, బండి క్యాబిన్ ఆకారాన్ని బట్టి మారుతుంది. ఒక బండి మీద సరిపోయినది పక్క కంపెనీ బండి మీద తగలొచ్చు. ఈ మూడూ కొలవకుండా ఆ మాట అనేవాడు సలహా ఇవ్వడం లేదు, సరుకు వదిలించుకుంటున్నాడు.

జారే హిచ్‌లో రెండు రకాలు. చేతితో జార్చేది మొదటిది. మలుపుకు ముందు చదునైన చోట బండినీ ట్రైలర్‌నూ ఒకే వరసలో ఆపి, దిగి, బెడ్ పక్కన ఉన్న లివర్ లాగి తాళం విప్పాలి. మళ్లీ ఎక్కి, ట్రైలర్ బ్రేకు కంట్రోలర్ మీట నొక్కి ఆ బ్రేకు మాత్రమే పట్టి ఉంచి, బండిని మెల్లగా ముందుకు పోనివ్వాలి. ట్రైలర్ నిలిచి ఉంటుంది, హిచ్ దానితోనే ఉండి బండే ముందుకు జారుతుంది. టక్కుమని తాళం పడాలి. పని అయ్యాక అదే క్రమంలో బండిని వెనక్కి తెచ్చి, దవడ ముందుకు చేరి తాళం పడిందని కళ్లతో చూశాకే రోడ్డెక్కాలి. రెండోది ఆటోమేటిక్, పుల్‌రైట్ సూపర్‌గ్లైడ్ లాంటిది. ట్రైలర్ పిన్ బాక్స్‌కు ఒక పట్టు ప్లేటు బిగిస్తారు. బండి మలుపు తిరిగేకొద్దీ ఆ ప్లేటు హిచ్‌ను వెనక్కి తోస్తుంది, తిన్నగా అయ్యేకొద్దీ ముందుకు తెస్తుంది. డ్రైవరు దిగక్కర్లేదు.

ఈ రెండిట్లో ఆటోమేటిక్‌దే పైచేయి. చేతి స్లైడర్ ముందే తెలిసిన మలుపులకు పనికొస్తుంది. ప్రమాదాలు ముందే తెలిసిన మలుపుల్లో జరగవు. దారి తప్పినప్పుడు, వెనక హారన్లు మోగుతున్నప్పుడు, వాన కురుస్తున్నప్పుడు దిగి లివర్ లాగాలని ఎవరికీ గుర్తురాదు. గుర్తొచ్చేసరికి బండి అప్పటికే వంకరగా ఉంటుంది, అలా ఉన్నప్పుడు చేతి స్లైడర్ సాఫీగా జారదు. ఆటోమేటిక్ దాని పని అది చేసుకుంటుంది. పట్టాలకు, తోసే భాగాలకు గ్రీజు పట్టిస్తూ ఉండాలి. ప్రతి ట్రైలర్‌కూ తగిన ప్లేటు విడిగా కావాలి. ఆ శ్రమకు ఓర్చుకోదగినంత లాభం ఉంది. ఏడాదికి రెండుసార్లు, తెలిసిన చోటికే వెళ్లేవారికి చేతి స్లైడర్ చాలు.

ఖర్చు ఎక్కువన్న అభ్యంతరం నిలవదు. ఒక్క వెనక అద్దం, క్యాబిన్ మూల సొట్ట, ట్రైలర్ ముందు గోడ చీలిక కలిస్తే తేడా తీరిపోతుంది. పిన్ను మలుపు కేంద్రాన్నే వెనక్కి జరిపే ప్రత్యేక పిన్ బాక్సులున్నాయి కదా అంటే, అవీ జారే హిచ్ చేసే పనికి మరో రూపమే. వాటిని హిచ్‌కు సరిగ్గా జతపరచడం మరో తలనొప్పి. ఫిఫ్త్ వీలే వద్దు, వెనక బంతికి తగిలించే ట్రైలర్ కొనుక్కోవచ్చన్నది వేరే చర్చ.

బరువు అభ్యంతరం మాత్రం నిజమైనది. జారే హిచ్ మామూలు దానికంటే బరువు, రెండు మూడు వందల పౌండ్లదాకా తూగేవి ఉన్నాయి. ఆ బరువు బండి మోత పరిమితిలోంచే పోతుంది. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద అతికించిన చీటీలో ఆ పరిమితి రాసి ఉంటుంది. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ బరువులో సుమారు అయిదో వంతు పిన్ను మీద పడుతుంది. 12,000 పౌండ్ల ట్రైలర్‌కు అది 2,400. దానికి హిచ్, నలుగురు మనుషులు, బెడ్‌లో సామాను కలిపితే చాలా 2500 తరగతి డీజిల్ బండ్ల చీటీలో రాసిన సంఖ్య దాటిపోతుంది. అప్పుడు చేయాల్సింది తేలికైన కదలని హిచ్ వెతకడం కాదు, చిన్న ట్రైలర్ గానీ, ఎక్కువ మోసే 3500 తరగతి బండి గానీ ఎంచుకోవడం. హిచ్ బరువే బండిని పరిమితి దాటించేటట్టుంటే ఆ ట్రైలర్ ఆ బండికి ముందునుంచే పెద్దది.

కాబట్టి అమ్మేవాళ్ల నుంచి రాబట్టాల్సినవి ఇవి. బిల్లు మీద నాలుగు సంఖ్యలు రాయాలి: క్యాబిన్ గోడ నుంచి హిచ్ మధ్యకు దూరం, ట్రైలర్ ముందు భాగం సగం వెడల్పు, పిన్ను మీద అంచనా బరువు, చీటీలో ఉన్న మోత పరిమితి. మొదటి దానికంటే రెండోది పెద్దదైతే జారే హిచ్ లేకుండా ట్రైలర్‌ను షాపు గేటు దాటించకూడదు. ట్రైలర్ అడుగు భాగానికీ బెడ్ అంచుకూ మధ్య కనీసం అయిదున్నర అంగుళాల ఎత్తు ఉందని కూడా అప్పుడే చూపాలి. లేకపోతే ఎగుడుదిగుడు దారిలో బెడ్ అంచే నలుగుతుంది. హిచ్ కాగితం మీద ఎన్ని అంగుళాలు జారుతుందో ముద్రించి ఉండాలి, ఏ బెడ్‌కు పనికిరాదో కూడా. ఏజెంటు మౌఖికంగా చెప్పే భరోసా ఏదైనా రాసి ఇవ్వాలి. రాసి ఇవ్వనన్నచోట కొనకూడదు.

కొత్త హిచ్ బిగించాక షాపు వెనక ఖాళీ స్థలంలోనే పరీక్ష జరగాలి. ట్రైలర్ తగిలించి, నడక వేగంలో ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి, 90 డిగ్రీల దాకా తిప్పాలి. ఆ సమయంలో ఒక మనిషి బండికి ఎడంగా, క్యాబిన్ వెనక మూలకు ఎదురుగా నిలబడి చూడాలి. దూరం మూడు వేళ్ల మందానికి తగ్గితే చెయ్యెత్తి ఆపాలి. బండి ఆగాక టేపుతో ఖాళీ కొలిచి ఎడమ, కుడి రెండు కొలతలూ బిల్లు వెనక రాయాలి. అమ్మినవాడు దాని కింద సంతకం పెట్టాకే మిగతా డబ్బు చెల్లించాలి.