బస్సు ఆగినప్పుడు మన నాలుక ఎందుకు ఆగదు?

ఆర్టీసీ బస్సులు ఆగిపోయిన మరునాడు టీ బంకు దగ్గరైనా, మస్జిదు మెట్ల మీదనైనా రెండే మాటలు వినబడతాయి. "జీతాలు చాలక చేస్తున్నారా, తిన్నది అరగక చేస్తున్నారు" అన్నది మొదటిది. "మన బాధ వాళ్ళకేం పట్టింది" అన్నది రెండవది. రెండవ మాటలో నిజముంది. మొదటి మాట గురించే ఈ శుక్రవారం పాఠక సోదర సోదరీమణులతో ముచ్చటించదలచాము.

ముందు బాధ సంగతి. ఆళ్లగడ్డకు రైలు లేదు. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 2016లో రైలు నడిచింది గానీ, ఆ దారి బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు వైపు పోతుంది. ఆళ్లగడ్డవారికి శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరే నలభై కిలోమీటర్ల రోడ్డే దిక్కు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కచేరీ పనైనా, పెద్దాసుపత్రి అయినా, పిల్లల కాలేజీ అయినా ఇప్పుడు అక్కడికే పోవాలి. మోటారు సైకిలున్నవాడికి సమ్మె పేపర్లో చదివే వార్త. చాగలమర్రి నుంచి తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవలసిన కూలివాడికి అది ఆ పూట అన్నం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన ఆడవాళ్ళు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు ఇవ్వకుండా పోతున్నారు. బస్సు ఆగిందంటే, ఏమీ ఇవ్వనక్కరలేని చోట ఆటోవాడు అడిగినంతా ఇవ్వవలసి వస్తుంది. కనుక ప్రయాణికుడి కోపాన్ని మేము తప్పు పట్టడం లేదు.

అయితే ఆ కోపం ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్నదే ఆలోచించవలసిన విషయం.

2013 సంగతి జ్ఞాపకం చేసుకుందాం. ఆ ఏడు రంజాన్ పండుగ ఆగస్టు 9న జరుపుకున్నాం. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఇంకా మెట్టినింటికి చేరకముందే 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్ర జిల్లాల్లో ఆర్టీసీ సమ్మె మొదలైంది. బస్సులు మళ్ళీ కదిలేసరికి అక్టోబరు రెండో వారం వచ్చింది, బక్రీదు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. దాదాపు రెండు నెలలు! అది జీతాల కోసం చేసిన సమ్మె కాదు. రాష్ట్రాన్ని విడదీయవద్దని చేసినది. విభజన ఆగలేదు. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. రెండు నెలలు ఇంత బాధపడ్డా మన ప్రాంతంలో డ్రైవరును, కండక్టరును తిట్టినవారు అరుదు. శిబిరాల దగ్గరకు వెళ్ళి దండలు వేసి వచ్చారు.

రెండేళ్ళు తిరగకుండానే, 2015 మే 6న, అదే డ్రైవర్లు, కండక్టర్లు తమ జీతాల కోసం సమ్మెకు దిగారు. ప్రభుత్వోద్యోగులకు ఇచ్చినట్లు తమకూ 43 శాతం ఫిట్‌మెంట్ ఇవ్వమన్నారు. ఎనిమిది రోజులు బస్సులు ఆగాయి. అంతకు ముందు రెండు నెలలు ఓర్చుకున్న జనమే ఎనిమిది రోజులు ఓర్వలేక శాపనార్థాలు పెట్టారు. మన కోరిక కోసం ఆగితే త్యాగం, వాళ్ళ కడుపు కోసం ఆగితే బలుపు! ఇది ఏ తక్కెడ?

కొలతల్లో తేడా చేసేవారి నాశనాన్ని గురించి దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరానే ఉంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారి గురించి అందులో చెప్పబడింది. మనం ఆ సూరాను కిరాణా కొట్టు తక్కెడకే పరిమితం చేసుకున్నాం. మనుషులను తూచే తక్కెడకు కూడా అది వర్తిస్తుందని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. ఇక బద్‌గుమానీ, గీబత్‌ల గురించి సూరా హుజురాత్‌లో ఉన్న హెచ్చరిక తెలియని ముస్లిం ఇల్లు లేదు. ఒకడి జీతం ఎంతో, వాడి నెత్తిన అప్పు ఎంతో, రాత్రి డ్యూటీలు ఎన్నో తెలియకుండా 'తిన్నది అరగక' అనడం బద్‌గుమానీ కాక మరేమిటి?

ఆ 2015 సమ్మెలో మరొక సంగతి మరువరానిది. మే 8న ఎంసెట్ పరీక్ష. బస్సులు లేని రోజుల్లో పిల్లలు పరీక్షా కేంద్రాలు వెతుక్కుంటూ ఎంత అవస్థ పడ్డారో తల్లిదండ్రులందరికీ తెలుసు. నింద అంతా సమ్మె చేసినవారి మీదే పడింది. కాని చివరికి 13వ తేదీన ప్రభుత్వం ఒప్పుకున్నది ఎంత? సరిగ్గా 43 శాతం. ఎనిమిదో రోజు ఇవ్వగలిగినది మొదటి రోజుకు ముందే ఎందుకు ఇవ్వలేకపోయారు? ప్రజోపయోగ సేవల్లో సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి చట్టమే పెట్టింది. ఆ గడువు ఉన్నది మాట్లాడుకోవడానికి. ఆ రోజులను నిద్రలో గడిపినవారిని వదిలి, ఖాకీ చొక్కావాణ్ణి పట్టుకుంటాం. కనబడేది వాడే కదా!

చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు మనకు కంఠోపాఠమే. దానికంటే ఈ సందర్భానికి దగ్గరైనది గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం. కొండరాయి దారి మూసేసింది. ముగ్గురూ తాము అల్లాహ్ కోసం చేసిన ఒక్కొక్క మంచిపని చెప్పుకుని దుఆ చేశారు. మూడవవాడు ఒక యజమాని. ఒక కూలివాడు కూలి విషయంలో అసంతృప్తిపడి, తీసుకోకుండానే విసురుగా వెళ్ళిపోయాడు. యజమాని వాణ్ణి పొగరుబోతని అనలేదు. ఆ కూలిని వాడి పేరనే ఉంచి సేద్యంలో పెట్టి పెంచాడు. ఏళ్ళ తరువాత వాడు తిరిగివస్తే ఆవులను, కాపరిని చూపి "ఇదంతా నీదే" అని అప్పగించాడు. ఆ పనికి రాయి తొలగిందని మహాప్రవక్త (స) తెలియజేశారు. పని వదిలి వెళ్ళినవాడి హక్కు వెళ్ళిపోలేదన్నది ఇందులో మేము గ్రహించినది. 2019లో తెలంగాణలో దాదాపు 48 వేల మంది అక్టోబరు 5 నుంచి నవంబరు 25 వరకు సమ్మె చేసినప్పుడు, వాళ్ళంతట వాళ్ళే ఉద్యోగం పోగొట్టుకున్నారని పాలకులు అన్నారు. పనిచేసిన సెప్టెంబరు జీతం కూడా ఆగిపోయింది. ఇది మాకు మింగుడు పడని విషయం.

సమ్మె చేసేవారి మీద కూడా హుఖూఖుల్ ఇబాద్ ఉన్నాయి. పరీక్ష రోజున, ఆసుపత్రి దారిలో నాలుగు బస్సులైనా నడిపితే సమ్మెకు బలం తగ్గదు, జనం మద్దతు పెరుగుతుంది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. (నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో ప్రభుత్వ శాఖగానే మొదలైన సంస్థ తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది.) ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ మీద ఉద్యోగులు సమ్మె అంచు దాకా వెళ్ళారు. కనుక ఈ కథ ముగిసిందనుకోనక్కరలేదు. పైగా అద్దె బస్సుల డ్రైవర్లు ఈ విలీనంలో లేరు. అదే రోడ్డు, అదే స్టీరింగు, జీతం మాత్రం యజమాని ఇచ్చేది.

సమ్మెలప్పుడు తాత్కాలిక డ్రైవర్లను రోజుకూలికి పిలుస్తారు. మన మొహల్లాల్లో నిరుద్యోగ యువకులు ఎక్కువ. ఇది హలాలేనా అని అడుగుతుంటారు. శ్రమకు వచ్చిన కూలి హరామని మేము అనము. కాని భారీ వాహనం లైసెన్సు, అనుభవం లేకుండా యాభైమందిని ఎక్కించుకుంటే ఆ ప్రాణాలు నీ మెడ మీది అమానత్. ఆ మాట ఇంట్లో తల్లిదండ్రులే చెప్పాలి.

చివరగా, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. బస్సులు ఆగిన రోజుల్లో ఆటోలు, జీపులు నడిపేవారిలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. డీజిలు ఖర్చు, ఖాళీగా తిరిగి వచ్చే ఖర్చు కలిపి కొంత ఎక్కువ అడిగితే న్యాయమే. రోగిని చూసి రెట్టింపు, చంటిబిడ్డ తల్లిని చూసి మూడింతలు అడగడం గత్యంతరం లేనివాడి మెడ మీద కత్తి పెట్టడమే. సమ్మె చేసినవాడిని స్వార్థపరుడని తిట్టే నోరే ఆ చార్జీ అడుగుతుంది.

నంద్యాల, ఆళ్లగడ్డ మస్జిదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. ఈసారి సమ్మె నోటీసు వార్త పేపర్లో కనబడగానే జుమా తరువాత ఆటో, జీపు నడిపేవారిని కూర్చోబెట్టండి. శిరివెళ్లకు ఎంత, నంద్యాలకు ఎంత, రోగులకు ఎంత అన్నది వారి నోటితోనే తేల్చి, మస్జిదు గోడ మీద తెలుగులోను, ఉర్దూలోను రాసి పెట్టండి. హిందూ సోదరులు కూడా చూసుకునేలా బయటి గోడ మీదే రాయండి.