పారిసు నుంచి ఆంధ్రా పారిసుకు

మా మేనమామ తన జన్మలో హార్మోనియం అన్న మాట అనలేదు. ఊళ్ళోవాళ్ళతో హార్మణీ అనేవాడు. ఇంట్లో అయితే ఒట్టి ‘పెట్టె’. "పెట్టె జోలికి పోకండర్రా!" అని కేకేస్తే, ఆ ఇంట్లో ట్రంకుపెట్టెలూ, భోషాణాలూ ఎన్ని ఉన్నా, దేన్ని గురించి అంటున్నాడో పిల్లలందరికీ తెలిసిపోయేది.

నిజానికి ఆ పెట్టె మనది కాదు. 1842లో పారిసు నగరంలో అలెగ్జాండ్ర్ దెబేన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్ళతో తొక్కుతూ, రెండు చేతులా వాయించేది అది. మన దేశానికి వచ్చాక, కుర్చీలో కూర్చుని పాడే అలవాటు మనకు లేదు గనక, దాని కాళ్ళు తీసేసి, తిత్తిని వీపుకు తగిలించి, నేలమీద కూర్చోబెట్టారు. ఈ మార్పు చేసిన ఘనత కలకత్తా ద్వారకానాథ్ ఘోష్‌గారికి చెబుతారు. భజన మందిరాల్లో కనబడేది ఆ చేతి హార్మోనియమే. మన నాటకాలవాళ్ళు మటుకు కాళ్ళ హార్మణీనే పట్టుకుని వదల్లేదు. మైకులు లేని రోజుల్లో వెయ్యిమంది కూర్చున్న పందిట్లో నటుడి గొంతును మోయాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి మరి.

తెనాలిని ఆంధ్రా పారిసు అని ఎందుకన్నారో నేను తేల్చబోవడం లేదు. నాటకం గొప్పతనం వల్లనే అని తెనాలివాళ్ళం అనుకుంటాం. తక్కినవాళ్ళు వేరే కారణాలు చెబుతారు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభ రంగస్థలం మీద స్త్రీ పాత్రలు వేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారు పద్యం మధ్యలో వేలు నోట్లో పెట్టుకుని ఈల వేస్తే జనం ఊగిపోయేవారు. ఇట్లాంటివాళ్ళందరి పక్కనా ఒక హార్మణీ ఉండేది. ఆఖరి పాదం మీద నటుడు రాగం తీసి వదిలేస్తే, ఆ వదిలినదాన్ని కింద పడకుండా పట్టుకునేది అదే. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల పద్యాన్ని నేను క్లాసులో చెబితే ఆవలించే కుర్రవాళ్ళు, అదే పద్యాన్ని తిరునాళ్ళలో హార్మణీ మీద వింటే "వన్స్‌మోర్" అని అరుస్తారు. ఇందులో నా పాఠం తప్పెంతో, ఆ పెట్టె మహిమెంతో నేను లెక్క వేసుకోను.

పట్నాల్లో పెద్దలు దాన్ని ఎన్నడూ మెచ్చలేదు. గమకం పలకదన్నారు, మాట నిజమే, మెట్టుకూ మెట్టుకూ మధ్య జారడానికి దాంట్లో దారి లేదు. రవీంద్రులవారికి కూడా అది గిట్టేది కాదు. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో దానికి తలుపు మూసేసింది. ముప్ఫై యేళ్ళు దాటాక, 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. "రేడియోకు పనికిరాకపోతేనేం, రేపల్లెకు పనికొస్తుంది" అనేవాడు మా మామయ్య.

ఆయన పోయి ఆరేళ్ళయింది. పెట్టె రేపల్లెలో ఇంటి అటక మీద ఉండిపోయింది. కిందటి వేసవిలో దాన్ని దింపితే ఎలుక ఒక మూల తిత్తి కొరికేసి ఉంది. రేపల్లెకు సముద్రం దగ్గర. ఉప్పుగాలికి లోపలి తీగెలు తుప్పు పట్టాయి, ఇత్తడికి చిలుము పట్టింది. నాలుగు మెట్లు పలకవు. ఒక మెట్టు, ఎవరూ నొక్కకుండానే, గాలి తగిలితే చాలు మూలిగేది. పైనున్న పాలిష్ బూడిద రంగుకు తిరిగి, అక్కడక్కడా మొసలి చర్మంలా చిట్లింది. మూత లోపల ఇత్తడి బిళ్ళ మీద పారిసు అన్న మాట మటుకు చెక్కుచెదరలేదు.

హైదరాబాదులో ఉన్న మా బావకు ఫొటో పంపించాం. ఖర్చంతా తనదే అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండును. "పైన ఉన్నదంతా గీకించి, చెక్క తేలాక కొత్తరకం పాలిష్ కొట్టించు. అద్దంలా ఉండాలి. హాల్లో పెట్టుకుంటాను" అన్నాడు.

మా అత్తయ్య ఫోను లాక్కుంది. "అద్దం కావాలంటే అద్దమే కొనుక్కోరా! ముందది పలకాలి. నేనున్నప్పుడే పలకాలి" అంది. డెబ్భయి ఎనిమిదేళ్ళ మనిషి. చూపు తగ్గింది గాని వినికిడి పదునుగానే ఉంది.

నేనుండేది తెనాలిలో, పాఠాలు చెప్పేది బాపట్లలో. అంచేత పెట్టెను రేపల్లె నుంచి పాసింజరు బండిలో, భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలికి చేర్చే పని నాకే పడింది. కాళ్ళు మడిస్తే సూట్‌కేసంత అవుతుంది గాని, బరువు మటుకు మడత పడదు. తెనాలిలో హార్మణీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. కొడుకు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. మేస్త్రి ఆ కొట్టు వెనక గదిలో కూర్చుంటాడు. నాలుగు జిల్లాల నుంచి పెట్టెలు వచ్చేవిట ఒకప్పుడు. ఇప్పుడు పని నేర్చుకునే కుర్రవాడొక్కడూ లేడు.

మేస్త్రి ముందు రీడ్లు చూడలేదు, తిత్తి చూడలేదు. గుడ్డపీలికను స్పిరిట్‌లో ముంచి, పెట్టె అడుగున, ఎవరికీ కనబడని మూల ఒకసారి అద్దాడు. క్షణంలో అక్కడ జిగురొచ్చింది. "లక్క పాలిష్, మాస్టారూ! గీకక్కర్లేదు" అన్నాడు.

ఆయన చెప్పినదాని తాత్పర్యం ఇది. లక్కను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పూతలు పూతలుగా రుద్దడం పాతకాలపు పాలిష్. స్పిరిట్ ఆరిపోతుంది, లక్క నిలుస్తుంది. ఎన్నేళ్ళయినా మళ్ళీ స్పిరిట్ తగిలితే ఆ లక్క మెత్తబడుతుంది. కనక చిట్లిన పాలిష్‌ను తీసెయ్యనక్కర్లేదు. తడి చెయ్యీ చెయ్యని గుడ్డతో, ఒకచోట ఆగకుండా, చేతిని సున్నలు చుట్టినట్టు తిప్పుతూ పోతే, పాత లక్కే కరిగి, పగుళ్ళలోకి జారి, సర్దుకుంటుంది. ఆగితే మటుకు గుడ్డ అంటుకుపోతుంది. కొత్తగా వచ్చిన పాలీయురెథేన్ పూతలు నీళ్ళకూ వేడికీ బాగా తట్టుకుంటాయి. కాని అవి ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగవు. పాడైతే ఉప్పుకాగితం పట్టి చెక్కదాకా గీకడమే గతి. గీకిన ప్రతిసారీ కొంత టేకు పొడై పోతుంది.

ఈ మాటే మా కాలేజీలో చదివే కుర్రవాడొకడు ఇంకో భాషలో చెప్పాడు. వాడికి ఎలక్ట్రిక్ గిటారు పిచ్చి. 1950ల నాటి అమెరికా గిటార్లకు నైట్రోసెల్యులోజు లాకరు పూసేవారట. అదీ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, చిట్లుతుంది. ఎవడైనా ముచ్చటపడి ఆ పాత పూత గీకించి కొత్త రంగు వేయిస్తే, వాద్యం ఎంత మెరిసినా ధర బాగా పడిపోతుందట. అక్కడ డబ్బిచ్చేది ఆ పాత పూతకూ, ఆ అరుగుదలకూను. బావకు ఈ సంగతి ఫోనులో చెప్పాను. ధర మాట వచ్చేసరికి శ్రద్ధగా విన్నాడు.

కాని నన్ను ఆపింది ధర కాదు. మూత లోపలి చెక్క మీద మామయ్య పెన్సిలుతో రాసుకున్న లెక్కలున్నాయి. వాడిన ఊళ్ళు, తేదీలు, రావలసిన డబ్బు. ‘చెరుకుపల్లి - 12 రూ. బాకీ’. ‘జంపని - ముట్టినది’. ‘నిజాంపట్నం - బియ్యం ఇచ్చినారు’. వాటి మీద ఉప్పుకాగితం ఒక్కసారి తిప్పితే చాలు, చెరుకుపల్లివాళ్ళ బాకీ తీరిపోతుంది. ఇంకొక లెక్క మెట్ల మీద ఉంది. నాలుగున్నర శ్రుతి అనే నల్లమెట్టూ, దాని చుట్టుపక్కలవీ అంచులు అరిగి గుండ్రబడ్డాయి. రెండు కొసలా ఉన్న మెట్లు నిన్న చేసినట్టున్నాయి. ఆ పెట్టె పక్కన నిలబడి పాడినవాళ్ళు ఏ ఎత్తులో షడ్జమం పట్టుకున్నారో ఏ పుస్తకంలోనూ లేదు, ఆ అరుగులో ఉంది. మేస్త్రి మెట్ల మురికి తుడిచాడు, అడుగున నలిగిపోయిన ఉన్నిగుడ్డ మార్చాడు; అంచులు మటుకు ముట్టుకోలేదు.

తిత్తికి కొత్త మేకతోలు అతికించడం, తుప్పు తీగెలు మార్చడం పదిరోజుల్లో అయింది. తోలు దాచుకోవలసిన వస్తువు కాదు, అరిగేందుకే పుట్టింది. గాలి నింపి, ఏ మెట్టూ నొక్కకుండా వదిలేస్తే తిత్తి ఎంతసేపు నిలబడుతుందో చూడడం పరీక్ష. మొదట అయిదు అంకెలు లెక్కపెట్టేలోపు కుంగిపోయింది. అతుకులయ్యాక నలభై దాకా వచ్చింది.

అసలు తగువు రీడ్ల దగ్గర. రీడంటే సన్నని ఇత్తడి నాలుక, ఒక కొస చట్రానికి బిగించి ఉంటుంది. గాలికి రెండో కొస ఆడితే స్వరం. ఆడే కొసన ఆకురాయితో కొంచెం గీస్తే నాలుక తేలికై స్వరం పైకి పోతుంది. మొదట్లో గీస్తే బిగువు తగ్గి కిందికి దిగుతుంది. విరిగిన మూడింటికీ మేస్త్రి తన బిస్కట్ల డబ్బాలోంచి, ఏ పెట్టె చచ్చిపోతే దాచాడో, పాత రీడ్లే తీసి వేశాడు. గుజరాతులో పాలీతానా నుంచి కొత్తవి వస్తాయి, బాగానే ఉంటాయి. కాని పాతవాటి మధ్య కొత్త గొంతు వేరుగా తెలుస్తుందన్నాడు.

ఇంతలో బాపట్లలో పద్యనాటకాలు వేసే మిత్రులు కబురు చేశారు, పెట్టె ఒక రాత్రికి ఇస్తారా అని. అత్తయ్య ఆ మాట కోసమే కాచుకున్నట్టుంది. అయితే ఇప్పుడు నాటకాల్లో ఎలక్ట్రానిక్ కీబోర్డు కూడా ఉంటుంది. రెండూ కలిపి చూస్తే పొసగలేదు. పెట్టె కొంచెం దిగువన ఉంది. ఫ్రాన్సులో 1859లో సర్కారువారు శ్రుతికి ఒక కొలత ఖాయం చేశారు: మనం ఆరు శ్రుతి అనే మెట్టు సెకనుకు 435 కంపనాలు. 1939లో లండనులో పెద్దలు కూడి దాన్ని 440 చేశారు. ఇవాళ్టి కీబోర్డులన్నీ 440. అయిదు కంపనాలు ఏపాటి అనుకోకండి. రెండూ ఒక్కసారి మోగితే చెవిలో అల ఊగినట్టుంటుంది. నటుడు ఏ గట్టు పట్టుకోవాలి?

"రీడ్లన్నీ గీసి పైకి తెండి" అన్నారు మిత్రులు. మేస్త్రి ఆకురాయి కింద పెట్టేశాడు. "గీసిన ఇత్తడి మళ్ళీ రాదు బాబూ! ఒకటీ అరా అంటే సరే. అన్నీ గీస్తే ఇది వేరే పెట్టె అవుతుంది" అన్నాడు. రెండు వారాలు అక్కడే ఆగింది వ్యవహారం. అత్తయ్య రోజూ ఫోను చేసి "ఏమైందిరా, నాయనా?" అని అడిగేది.

విప్పింది ఆ గిటారు కుర్రవాడే. నాటకాల్లో కీబోర్డు వాయించేదీ వాడేనట. "పెట్టెను ఎందుకు సార్ ఎక్కించడం? కీబోర్డునే దింపుదాం" అని ఏవో రెండు బొత్తాలు నొక్కాడు. మొత్తం కీబోర్డు శ్రుతిని కంపనం లెక్కన దింపే ఏర్పాటు అందులోనే ఉందట. 435 దగ్గర ఆపాడు. ఊగే అల నిలిచిపోయింది. మేస్త్రి ఆ కుర్రవాడి వంక చాలాసేపు చూసి, "ఆదివారాలు ఖాళీయేనా?" అని అడిగాడు. ఇప్పుడు రెండు ఆదివారాలకొకసారి వాడు తెనాలి వస్తున్నాడు; నేర్చుకుంటాడో మానేస్తాడో చూడాలి.

బాపట్లలో నాటకం రాత్రి పదింటికి మొదలైంది. అత్తయ్యను ముందు వరుసలో కూర్చోబెట్టాం. బావ కూడా దిగాడు. మూత ఎత్తి లెక్కలు చదువుకుని, "చెరుకుపల్లి పన్నెండు రూపాయలకు వడ్డీ కడితే ఇవాళ ఎంతవుతుంది?" అని నన్నడిగాడు. నేను తెలుగు మాస్టర్ని అని గుర్తు చేశాను. హాల్లో పెట్టుకునే మాట మళ్ళీ ఎత్తలేదు. రాయబారంలో మొదటి పద్యానికి పెట్టె శ్రుతి అందుకోగానే అత్తయ్య కళ్ళు మూసుకుంది. తెల్లవారుజామున మూడింటిదాకా ఇంటికి పోదామనలేదు.

మంద్రంలో ఒక మెట్టు మటుకు ముసురు పట్టినప్పుడు పైకి లేవడం లేదు. మేస్త్రికి చెబితే, ఇప్పుడు పక్కలు గీస్తే వేసవికి వదులవుతుందనీ, వానలు వెళ్ళాక టేకు ఆరితే దానంతటదే లేస్తుందనీ, అప్పటికీ లేవకపోతే కార్తీకంలో తీసుకురమ్మనీ అన్నాడు.